ఇంజిన్ ముందు నూనె చుక్కలు: పాత అంబాసిడర్‌కు టైమింగ్ కవర్ మార్చే ముందు

ఫజర్ నమాజు అయ్యాక బండి మీది గుడ్డ తీస్తే, కింద గచ్చు మీద అరచేయంత నల్లటి మరక. సరిగ్గా ముందు చక్రాల మధ్య, ఫ్యాన్‌కు కొంచెం వెనక. ‘పాత బండి కదా, ఆ మాత్రం కారుతుందిలే’ అని ఇంట్లో పెద్దలు అనేస్తారు. దాదా కొన్న అంబాసిడర్, అబ్బా నడిపిన అంబాసిడర్, ఇప్పుడు పండగకో పెళ్లికో మాత్రమే బయటికి తీసే అంబాసిడర్. రోజుకు నాలుగు చుక్కలే కదా అని వదిలేస్తారు.

ఆ నాలుగు చుక్కలు నేల మీద పడితే నష్టం తక్కువే. వాటిలో కొన్ని ఫ్యాన్ బెల్ట్ మీద పడటంతోనే అసలు గొడవ మొదలవుతుంది. అంబాసిడర్‌లో ఆ ఒక్క బెల్టే ఫ్యాన్‌ను, వాటర్ పంప్‌ను, డైనమోను తిప్పుతుంది. నూనె తగిలిన బెల్ట్ పుల్లీ మీద జారుతుంది. నీళ్లు సరిగ్గా తిరగవు, ఫ్యాన్ గాలి చాలదు, బ్యాటరీ నిండదు. మే నెల ఎండలో, బండి నిండా ఆడవాళ్లు, పిల్లలు ఉండగా, రోడ్డు మధ్యలో రేడియేటర్ ఉడికిపోయిందంటే కారణం చాలాసార్లు రేడియేటర్ కాదు. ఆరు నెలలుగా ఎవరూ పట్టించుకోని ఆ ముందు లీకేజీయే. ఇక డిప్‌స్టిక్ చూడకుండా తిప్పుతూ పోతే ఆయిల్ మట్టం పడిపోయి బేరింగులు కొట్టుకుపోతాయి. అప్పుడయ్యే ఖర్చు ముందు పాత బండి ధరే చిన్నదైపోతుంది.

టైమింగ్ కవర్ అంటే ఏంటి

అంబాసిడర్ తయారీ కలకత్తా దగ్గరి ఉత్తరపాడాలో 1950ల చివర్లో మొదలై 2014 మేలో ఆగిపోయింది. బండి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రూపం. చాలాకాలం దాని గుండెకాయ 1489 సీసీ బీఎంసీ ఇంజిన్. 1990ల్లో వచ్చిన 1.8 లీటర్ ఇసుజు ఇంజిన్ పూర్తిగా వేరు. డీజిల్ బండిలో ఇంజెక్షన్ పంపు టైమింగ్ కూడా చూసుకోవాలి కాబట్టి దాని పద్ధతీ వేరు. ఇక్కడ చెబుతున్నది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ సంగతి. స్పేర్ పార్టులు కొనబోయే ముందు ఇంట్లో ఉన్నది ఏ ఇంజినో తేల్చుకోవాలి. ఆర్‌సీలో రాసినదాన్నే నమ్మితే సరిపోదు. మధ్యలో ఇంజిన్ మార్చిన బండ్లు చాలానే ఉన్నాయి.

ఈ ఇంజిన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్, పక్కన కొంచెం పైన క్యామ్ షాఫ్ట్ ఉంటాయి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్నది దీని మీదే ఆధారపడుతుంది. ఈ రెండింటినీ కలిపేది సైకిల్ చైన్ లాంటి, జంట వరసల చైన్. అది ఎప్పుడూ నూనెలో తడుస్తూ తిరుగుతుంది. ఆ చైన్ ముందు మూతలా ఉండే రేకు డొప్పే టైమింగ్ కవర్. దాని మధ్యలో ఒక రంధ్రం. అందులోంచి క్రాంక్ పుల్లీ మెడ బయటికి వస్తుంది. ఆ మెడ చుట్టూ నూనె బయటికి రాకుండా ఆపేది ఆయిల్ సీల్.

ఈ కవర్‌కు ఇంకో పని కూడా ఉంది. దాని అడుగు అంచున చిన్న ముళ్లు ఉంటాయి. పుల్లీ మీది గాటు ఆ ముళ్లకు ఎదురుగా వచ్చినప్పుడే ఇగ్నిషన్ టైమింగ్ సెట్ చేస్తారు. పొడవాటి ముల్లు పిస్టన్ పూర్తిగా పైన ఉన్న చోటును చూపిస్తుంది. కవర్ వంగిందంటే ఈ ముళ్ల లెక్క కూడా తప్పుతుంది. నూనె ఆగింది కానీ బండి లాగడం లేదు, పెట్రోల్ ఎక్కువ తాగుతోంది అనే ఫిర్యాదుల్లో కొన్నింటి మూలం ఇదే.

ముందు దొంగ ఎవరో పట్టుకోవాలి

నూనె కనిపించినంత మాత్రాన కవర్‌దే తప్పు అనుకోకూడదు. పైనున్న ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ చెడితే నూనె ఇంజిన్ ముఖం మీదుగా జారి కిందికే వస్తుంది. చూసేవాడికి టైమింగ్ కవర్ కారుతున్నట్టే ఉంటుంది. పైగా ఫ్యాన్ గాలి నూనెను వెనక్కి చిమ్ముతుంది కాబట్టి లీకేజీ ముందున్నా మరక వెనక పడుతుంది.

అందుకే మొదటి పని ఇంజిన్ ముందు భాగాన్ని కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడిగి శుభ్రంగా తుడవడం. ఆరిన తర్వాత కాస్త ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి, పది నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపాలి. తడి ఎక్కడ మొదలైందో పౌడర్ మీద గీతలా కనబడుతుంది. పుల్లీ వెనక నుంచి మొదలైతే సీల్. కవర్ అంచు చుట్టూ తడిస్తే ప్యాకింగ్, లేదా వంగిన అంచు. అంతకంటే పైనుంచి వస్తే టైమింగ్ కవర్ జోలికి వెళ్లనక్కర్లేదు.

ఈ దశలోనే బ్రీదర్ పైపు కూడా చూడాలి. ఇంజిన్ లోపల పుట్టే ఆవిరి, పొగ బయటికి పోయే దారి అది. ఏళ్ల మడ్డితో అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి నూనెను తోస్తుంది. కొత్త సీల్ వేసిన నెలకే మళ్లీ కారిందని మెకానిక్‌తో తగువు పడేవాళ్లలో ఎంతమంది బ్రీదర్ ఊడదీసి చూపించమని అడిగి ఉంటారు? ఒక తీగ, కాస్త కిరోసిన్ ఉంటే చాలు, ఖర్చు లేని పని అది. పిస్టన్ రింగులే అరిగిపోయి ఆయిల్ మూత తీయగానే బుసబుసమని పొగ వస్తుంటే మాత్రం వ్యవహారం వేరు. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా డబ్బు దండగే.

సీల్ ఒక్కటే సరిపోదా?

షెడ్డులో తరచూ వినబడే మాటలు ఇవి.

‘‘చాచా, సీల్ ఒక్కటే కదా పోయింది. పుల్లీ లాగి బయటి నుంచే కొట్టెయ్యలేమా?’’

‘‘కొట్టొచ్చు బేటా. మరి లోపల చైన్ ఎలా ఉందో చూసేదెవరు?’’

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. రేకు బాగుండి, అంచు తడవకుండా, చైన్ చప్పుడు లేకుండా ఉంటే కవర్ కదపకుండా సీల్ మాత్రం మార్చుకోవడంలో తప్పేమీ లేదు. కవర్ కదిలితే దాన్ని మళ్లీ నడిమధ్యన కూర్చోబెట్టడం ఓ పని, ఆ అవసరమే ఉండదు. కానీ బండి నెమ్మదిగా నడుస్తున్నప్పుడు ఇంజిన్ ముందు నుంచి గలగల చప్పుడు వస్తుంటే, టైమింగ్ లైటు పెట్టి చూసినప్పుడు పుల్లీ మీది గాటు ఒక చోట నిలవకుండా ఊగుతుంటే చైన్ సాగిందని అనుమానించాలి. డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది కూడా ఆ క్యామ్ షాఫ్టే కాబట్టి చైన్ వదులైతే స్పార్క్ కూడా అటూ ఇటూ అవుతుంది. అప్పుడు కవర్ తెరవాల్సిందే. సీల్, ప్యాకింగ్ రెండూ కలిపినా పెద్ద ధర కాదు. డబ్బంతా విప్పి బిగించే మజూరీకే పోతుంది. ఒకసారి విప్పినప్పుడే లోపలిది చూసుకోవాలని ఉస్తాద్‌లు అనేది అందుకే.

విప్పడంలో జరిగే పాడు

బ్యాటరీ వైరు తీసి, చల్లారిన ఇంజిన్ నుంచి నీళ్లు దించి, రేడియేటర్‌ను బయటికి తీస్తారు. డైనమో వదులు చేసి ఫ్యాన్ బెల్ట్ తీస్తారు. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

తర్వాత వచ్చేది పుల్లీ నట్. పాత రోజుల్లో హ్యాండిల్ దోపి బండి స్టార్ట్ చేసేవారే, ఆ హ్యాండిల్ పట్టుకునే పళ్లున్న నట్ ఇదే. దాని వెనకున్న లాక్ వాషర్ చెవిని ముందు సాపు చేయాలి. అది మరిచిపోయి పానా వేసి బలం చూపిస్తే నట్ మూలలు అరిగిపోతాయి. దశాబ్దాలుగా కదలని నట్ అంత తేలిగ్గా లొంగదు. బండిని టాప్ గేరులో వేసి ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు పొడవాటి పైపు తగిలించి విప్పుతారు.  

నట్ వచ్చాక పుల్లీని లాగాలి. తొందరలో చాలామంది పుల్లీ వెనక రెండు రాడ్లు దోపి, టైమింగ్ కవర్ మీదే ఆనించి ఎత్తుతారు. కవర్ పల్చటి రేకు, చొట్ట పడుతుంది. కొత్త కవర్ కొనాల్సి వచ్చిన చాలా బండ్లలో పాత కవర్‌ను పాడుచేసింది కాలం కాదు, ఆ రెండు రాడ్లే. పుల్లర్ వాడితే ఆ సమస్య ఉండదు. పుల్లీ వచ్చేటప్పుడు షాఫ్ట్ గాడిలోని చిన్న అర్ధచంద్రాకారపు కీ కింద పడిపోకుండా చూసుకోవాలి. దాని కోసం సాయంత్రం దాకా షెడ్డు ఊడ్చిన కథలు ప్రతి ఉస్తాద్ దగ్గరా ఉంటాయి.

కవర్ బోల్టులు రెండు సైజుల్లో ఉంటాయి. ఏది ఎక్కడిదో ఒక అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి అక్కడే గుచ్చి పెడితే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. ఈ ఇంజిన్‌తో ఒక సుఖం ఉంది. కవర్ కింది అంచు ఆయిల్ చాంబర్‌తో కలవదు. ముందు ప్లేటుకే బిగుస్తుంది. కాబట్టి చాంబర్ దించే పని లేదు. ‘చాంబర్ కూడా దించాలి, దాని ప్యాకింగ్ కూడా వేయాలి’ అని ఎవరైనా అంటే ఎందుకని అడగొచ్చు.

కవర్ తీయగానే దాని వెనక, క్రాంక్ మీద పళ్లెం లాంటి రేకు కనిపిస్తుంది. అది ఆయిల్ త్రోయర్. సీల్ దాకా నూనె ఎక్కువగా చేరకుండా బయటికి విసిరేయడం దాని పని. అది ఏ ముఖం ముందుకు ఉందో తీయకముందే గుర్తు పెట్టుకోవాలి, లేదా ఫోన్లో ఫొటో తీసుకోవాలి. కొన్నింటి మీద ముందు వైపును చూపే ‘ఎఫ్’ అక్షరం ఉంటుంది. తిరగేసి వేస్తే కొత్త సీల్ కూడా కారుతుంది.

బీఎంసీ మొదట్లో ఈ కవర్లలో ఫెల్ట్ సీల్ వాడింది, తర్వాత రబ్బరు సీల్‌కు మారింది. సీల్‌తో పాటు కవర్, త్రోయర్ కూడా మారాయి. పాత రకం త్రోయర్‌కు పాత కవరే, కొత్త రకానికి కొత్తదే సరిపోతుంది. యాభై ఏళ్లు చేతులు మారిన బండ్లలో ఒక ఇంజిన్ కవర్ ఇంకో ఇంజిన్ మీదికి చేరడం మామూలే. ఎన్నిసార్లు సీల్ మార్చినా కారుతూనే ఉన్న ఇంజిన్‌లో మొదట అనుమానించాల్సింది ఈ జత కలవకపోవడాన్నే. అందుకే స్పేర్ పార్టుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌కు వెళ్లినా, విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లినా ఒట్టి చేతులతో పోకూడదు. పాత కవర్, పాత త్రోయర్ రెండూ సంచిలో వేసుకుని వెళ్లి పక్కపక్కన పెట్టి చూసి కొనాలి.

చైన్ దగ్గర రెండు నిమిషాలు

ఇక చైన్. వేలితో నొక్కితే బాగా లోపలికి పోతుంటే అది సాగినట్టే. స్ప్రాకెట్ పళ్లు సూటిగా కాకుండా ఒక వైపు కొక్కెంలా వంగి ఉంటే వాటి ఆయుష్షు అయిపోయింది. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అది కూడా త్వరగా పాడవుతుంది కాబట్టి మార్చితే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాలి. టెన్షనర్ ఉన్న ఇంజిన్లయితే దాని అరుగుదలా చూడాలి.

రెండు స్ప్రాకెట్ల మీద చిన్న చుక్కలాంటి గుంతలు ఉంటాయి. చైన్ ఎక్కించినప్పుడు ఆ రెండు చుక్కలు ఎదురెదురుగా, రెండు షాఫ్టుల నడుమ గీసిన గీత మీద ఉండాలి. ఒక్క పన్ను తప్పినా బండి స్టార్ట్ అవుతుంది గానీ లాగదు, వేడెక్కుతుంది. కవర్ మూసేస్తే ఇక కనబడదు కాబట్టి, మూసే ముందు ఆ చుక్కలను యజమాని కూడా ఒకసారి కళ్లారా చూడటం మంచిది. చూపించమంటే పనివాడి మీద నమ్మకం లేనట్టు కాదు. మంచి ఉస్తాద్ అయితే పిలిచి మరీ చూపిస్తాడు. కొత్త స్ప్రాకెట్లు వేస్తే రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో స్కేలు ఆనించి చూడాలి. తేడా ఉంటే క్రాంక్ స్ప్రాకెట్ వెనక సన్నటి షిమ్ వాషర్లు వేసి సరిచేస్తారు.

బిగించడంలోనే అసలు పనితనం

పాత ప్యాకింగ్‌ను గీకేటప్పుడు ఆ తునకలు కింద చాంబర్‌లోకి పడకుండా గుడ్డ అడ్డం పెట్టాలి. పాత కవర్‌నే మళ్లీ వాడుతుంటే బోల్టు రంధ్రాల దగ్గర రేకు లోపలికి గుంటపడి ఉందేమో చూడాలి. ఏళ్ల తరబడి అతిగా బిగించడం వల్ల అలా అవుతుంది. చదునైన ఇనుప దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి సాపు చేయొచ్చు. అద్దం మీద పెడితే అంచంతా ఆనాలి. మరీ తుప్పు పట్టి పల్చబడితేనో, సీల్ కూర్చునే గిన్నె వంకరైతేనో కవర్ మార్చక తప్పదు.

పుల్లీ మెడను గోటితో తడిమి చూడాలి. పాత సీల్ అంచు రాసుకుని అక్కడ గాడి పడి ఉంటే కొత్త సీల్ ఆ గాడిలోనే కూర్చుంటుంది, మళ్లీ కారుతుంది. సన్నటి స్టీల్ తొడుగు ఎక్కించడమో, సీల్‌ను గాడి తప్పించి కొద్దిగా ముందుకో వెనక్కో కూర్చోబెట్టడమో దీనికి మందు.

ఇప్పుడు అసలు కిటుకు. కవర్‌ను పెట్టి బోల్టులన్నీ ఒకేసారి బిగించేయకూడదు. బోల్టు రంధ్రాల్లో కొంచెం సందు ఉంటుంది కాబట్టి కవర్ వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది. సీల్ పుల్లీకి నడిమధ్యన లేకపోతే ఒక వైపు గట్టిగా ఒరుసుకుని, ఇంకో వైపు వదులుగా ఉంటుంది. ఆ వదులు వైపు నుంచి మూడో రోజే నూనె మొదలు. కాబట్టి బోల్టులు చేత్తో తిరిగేంత వదులుగా పెట్టి, సీల్ అంచుకు నూనె రాసి, పుల్లీని మెల్లగా తిప్పుతూ సీల్ గుండా లోపలికి పంపి, కీ గాడిలో కూర్చోబెట్టాలి. పుల్లీయే కవర్‌ను తన చుట్టూ సరిగ్గా నడుమకు తెచ్చుకుంటుంది. ఆ తర్వాతే బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. పది నిమిషాల పని. షెడ్డులో తొందర ఉన్న రోజున మొదట ఎగిరిపోయేదీ ఈ పది నిమిషాలే.

సిలికాన్ పేస్టు సంగతి కూడా చెప్పుకోవాలి. కాగితం ప్యాకింగ్‌కు పల్చటి పూత చాలు. ట్యూబు ఖాళీ చేసేంత పూస్తే బయటికి ఎంత ఉబికిందో లోపలికీ అంతే ఉబుకుతుంది. ఆ ముక్కలు ఊడి నూనెలో తేలి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే ఇంజిన్‌కు నూనె అందదు. ఇక కవర్ విప్పకుండా బయటి నుంచే పేస్టు పూసి ‘అయిపోయింది తీసుకుపోండి’ అనేవాళ్లకు మజూరీ ఇవ్వనక్కర్లేదు. నూనె తడి మీద పేస్టు అంటుకోదు.

మారుతీ ఇళ్లలో

ఇప్పుడు అంబాసిడర్ ఉన్న ఇళ్లు తక్కువ, పాత మారుతీ ఉన్న ఇళ్లే ఎక్కువ. మారుతీ 800లో చైన్ లేదు, రబ్బరు బెల్ట్ ఉంటుంది. దాని కవర్ దుమ్ము, రాళ్లు పడకుండా ఆపడానికే. అక్కడ లోపల నూనె ఉండకూడదు. ఆ కవర్ కింద నుంచి నూనె కారుతోందంటే తప్పు కవర్‌ది కాదు, లోపలి క్రాంక్ సీలో క్యామ్ సీలో పోయింది. నూనె తాగిన బెల్ట్ ఉబ్బి బలహీనపడుతుంది, తెగితే నడుస్తున్న బండి అక్కడికక్కడే ఆగిపోతుంది. సీల్ మార్చినప్పుడే బెల్ట్ కూడా మార్చేయాలి, పాతది బాగానే కనబడుతున్నా సరే.

2010లో వచ్చిన ఆల్టో కే10, కొత్త వ్యాగన్ఆర్‌ల ఇంజిన్‌లో మళ్లీ చైన్ వచ్చింది. వాటి కవర్ రేకు కాదు, అల్యూమినియం. కాగితం ప్యాకింగ్ బదులు పేస్టుతోనే అతుకుతుంది, కింది అంచు చాంబర్‌తో కలుస్తుంది. ఆ వైపు ఇంజిన్ మౌంటింగ్ విప్పాలి కాబట్టి ఇంజిన్ కింద జాకీ ఆసరా ఉండాలి. అంబాసిడర్ చేతివాటం ఉన్న ఉస్తాద్ అయినా ఈ పనిని తక్కువ అంచనా వేయకూడదు.

స్టార్ట్ చేశాక

అంబాసిడర్ విషయానికి వస్తే, అన్నీ బిగించి, నీళ్లు పోసి, ఆయిల్ మట్టం చూసి స్టార్ట్ చేయాలి. ముందు ఆయిల్ ప్రెషర్ వచ్చిందా లేదా చూడాలి. నూనె తగిలిన పాత ఫ్యాన్ బెల్ట్‌ను మళ్లీ వేయకూడదు. కవర్ కదిలింది కాబట్టి ఇగ్నిషన్ టైమింగ్‌ను మళ్లీ ఆ ముళ్ల దగ్గర సరిచూడాలి. పావుగంట నడిపి, టార్చ్ వేసి అంచు చుట్టూ చూశాకే షెడ్డు నుంచి బండి కదలాలి. రాత్రికి ఇంజిన్ కింద ఒక పాత పేపరు పరిచి ఉంచితే తెల్లారేసరికి సంగతి తెలిసిపోతుంది. మొదటి రోజు ఒకటి రెండు చుక్కలు పడితే కంగారు పడక్కర్లేదు. ఫ్రేమ్ మీద, ఇంజిన్ మడతల్లో నిలిచిన పాత నూనె కొన్నాళ్లు కారుతుంది. వారం తర్వాత కూడా పేపరు తడుస్తుంటే మాత్రం బండి మళ్లీ షెడ్డుకు వెళ్లాలి.

కొత్త కవర్ వేసినా పాతదాన్ని ఇనుప సామాన్లవాడికి ఇవ్వకూడదు. తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాలి. ఈ బండి తయారీ ఆగి పదేళ్లు దాటింది. రేపు దొరికే కవర్ మీద ముళ్లు సరైన చోట ఉన్నాయో లేదో పోల్చి చూడటానికి ఆ పాత రేకు డొప్పే కావాలి.